బొగ్గు బస్సు నుంచి మోటారు ఇంటి దాకా: చక్రాల మీద పొయ్యి చరిత్ర



పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా వెలువడే ఈ ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాసి పంపమని సంపాదకవర్గం వారు కోరారు. కోటల మీద, శాసనాల మీద రాయగల పండితులు మన సంఘంలో ఉన్నారు. నేను ముప్పై నాలుగేళ్లు నీటిపారుదల శాఖ మెకానికల్ విభాగంలో స్పానరు పట్టిన మనిషిని. మా ధరూర్ మండలం రేవులపల్లి దగ్గర కృష్ణ మీద జూరాల ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగిన నాటి నుంచి యంత్రాల మధ్యనే నా కాలం గడిచింది. కాబట్టి నాకు తెలిసిన చరిత్రే రాస్తాను. అది పొయ్యి చరిత్ర. వంటింటి పొయ్యి కాదు, బండి మోసుకుపోయే పొయ్యి.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానంటే, మా నాయిన 1943లో విన్న ఒక హెచ్చరిక, డెబ్బయి నాలుగేళ్ల తర్వాత 2017లో అమెరికాలో మా బిడ్డ కుటుంబానికి అక్కరకు వచ్చింది. అది ఎట్లాగో చివరిదాకా చదివితే తెలుస్తుంది. మన సభ్యులలో చాలామంది పిల్లలు చలి దేశాలలో ఉన్నారు గనుక, ఈ ముచ్చట వారికి కూడా పనికి వస్తుందని నా నమ్మకం.

పెట్రోలు కరువైన రోజులు

మోటారు బస్సు మన ప్రాంతానికి వచ్చి నూరేళ్లు కావస్తున్నది. నిజాం రాష్ట్ర రైల్వే వారు 1932 జూన్ 15న రోడ్డు రవాణా విభాగం ప్రారంభించినప్పుడు వారి దగ్గర ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. స్కాట్లండు దేశపు ఆల్బియన్ కంపెనీ బండ్లు ఆ రోజులలో పేరు మోసినవి. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న మా నడిగడ్డ నిజాం రాష్ట్రంలో ఉండేది. తుంగభద్ర దాటితే కర్నూలు, అంటే మద్రాసు రాజధాని. అక్కడ ప్రైవేటు యజమానుల బస్సులు తిరిగేవి.

రెండవ ప్రపంచ యుద్ధం ఈ బండ్లన్నిటికీ గండమై వచ్చింది. 1941లో దేశంలో పెట్రోలుకు రేషను పెట్టారు. 1942 మార్చిలో రంగూన్ జపాను వారి వశమైంది. ఏప్రిల్‌లో యెనాంజాంగ్ చమురు బావులను, శత్రువు చేతికి చిక్కకుండా, ఆంగ్లేయులే ధ్వంసం చేసి వెనక్కు వచ్చారు. బర్మా నుంచి వచ్చే చమురు అట్లా ఆగిపోయింది. ఉన్న పెట్రోలు సైన్యానికే చాలలేదు. బస్సుల యజమానులకు రెండే దారులు మిగిలాయి. బండిని షెడ్డులో పెట్టి తాళం వేయడం, లేదా బండి వెనుక ఒక బొగ్గుల పొయ్యి కట్టడం.

చాలామంది రెండో దారి పట్టారు. దానినే మన పెద్దలు బొగ్గు బస్సు అనేవారు. ఇది మన దేశానికే పరిమితమైన సంగతి కూడా కాదు. జార్జ్ ఇంబెర్ట్ అనే ఇంజనీరు 1920లలోనే కట్టె గ్యాసు యంత్రాన్ని తయారు చేసి ఉన్నాడు. యుద్ధకాలంలో జర్మనీ, ఫ్రాన్సు, స్వీడన్ దేశాలలో లక్షల సంఖ్యలో బండ్లు కట్టెల మీద, బొగ్గుల మీద నడిచాయి.

బొగ్గు బస్సు నడిచే తీరు

మా నాయిన పద్దెనిమిదేళ్ల వయసులో, అంటే 1943లో, కర్నూలు వైపు ఒక ప్రైవేటు బస్సులో క్లీనరుగా చేరాడు. చదువు నాలుగో తరగతి. జీతం కంటే తిండి ముఖ్యమైన రోజులు. ఆయన చెప్పిన వివరాలను, తర్వాత నేను చదువుకున్న దానితో సరిచూసుకుని రాస్తున్నాను.

బస్సు వెనుక మనిషి ఎత్తు ఇనుప డ్రమ్ము నిలబెట్టి బిగించేవారు. పైమూత తీసి కట్టెబొగ్గు నింపి, కింద నిప్పు రాజేసేవారు. నిప్పుకు గాలి బాగా అందితే బొగ్గు పూర్తిగా కాలి, బూడిద, కార్బన్ డై ఆక్సైడు మాత్రమే మిగులుతాయి. వాటితో ఇంజను నడవదు. అందుకని గాలిని కొద్దిగానే వదిలి, ఎర్రగా కాలే బొగ్గు పొర మందంగా ఉండేటట్లు చూసేవారు. అప్పుడు ఆ వాయువు ఎర్రటి బొగ్గులోంచి పోతూ మారిపోయి కార్బన్ మోనాక్సైడు అవుతుంది. ఇది మండే గుణం ఉన్న వాయువు. డ్రమ్ములోంచి వచ్చే గ్యాసులో సగానికి పైగా మండని నత్రజనే ఉన్నా, ఈ మోనాక్సైడు, కొద్దిపాటి హైడ్రోజను కలిసి ఇంజనును నడిపేవి.

డ్రమ్ములోంచి వచ్చిన గ్యాసు వేడిగా, మసితో ఉంటుంది. దానిని అట్లాగే ఇంజనులోకి పంపితే నాలుగు రోజులలో పిస్టన్లు పాడవుతాయి. అందుచేత పొడుగాటి గొట్టాలలో తిప్పి చల్లార్చి, వడపోత డబ్బా గుండా దాటించి, బస్సు అడుగు భాగం నుంచి ముందుకు తెచ్చి ఇంజనుకు కలిపేవారు. పెట్రోలు కోసం చేసిన బండికి, దాని పుట్టుకలో లేని పొయ్యిని, దాని ఒంట్లో లేని గొట్టాలను అమర్చడమన్న మాట. ఎక్కడ వంపు తిప్పాలి, ఎక్కడ రేకు కోయాలి అన్నది ఆ ఊరి మేస్త్రీ తెలివిని బట్టి ఉండేది.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి పొయ్యి రాజేసి, పక్కనున్న బ్లోయరు పిడి పట్టుకుని తిప్పడం మా నాయిన పని. చేతులు పడిపోయేదాకా తిప్పాలి. పక్క గొట్టం దగ్గర అగ్గిపుల్ల గీసి చూస్తే, మంట ఆరకుండా నీలంగా నిలబడితే గ్యాసు తయారైనట్టు. అప్పుడు డ్రైవరు ఇంజను స్టార్టు చేసేవాడు. పెట్రోలుతో పోలిస్తే బలం బాగా తగ్గేది. ఎత్తు వచ్చిందంటే ప్రయాణికులు దిగి నడవాలి, ఒక్కోసారి నెట్టాలి కూడా. “టిక్కెట్టు కొన్నది ఎక్కడానికా, తొయ్యడానికా?” అని అడిగేవారట జనం. యుద్ధం ముగిసి, పెట్రోలు సరఫరా మెరుగుపడేదాకా ఈ బండ్లు తిరుగుతూనే ఉన్నాయి.

జాయింటు మాట

ఇక్కడే ఆ హెచ్చరిక సంగతి వస్తుంది. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ అనే పదార్థం ఉన్నది కదా, అది ప్రాణవాయువు కన్నా ఈ వాయువును రెండు వందల రెట్లకు మించిన గట్టితనంతో పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది గాని, ఒంటికి ప్రాణవాయువు అందదు. ముందు తలనొప్పి, తర్వాత కళ్లు తిరగడం, వాంతి, మగత. నిద్రలో ఉన్న మనిషికి ఈ గుర్తులు కూడా తెలియవు.

1890లలో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త బొగ్గు గనులలో పేలుళ్ల తర్వాత చనిపోయిన కార్మికులను పరీక్షించి, చాలామంది ప్రాణాలు తీసింది మంటలు కాదు, ఈ వాయువే అని తేల్చాడు. గనిలోకి చిన్న పిట్టలను తీసుకుపోయే పద్ధతి ఆయన సలహా వల్లనే వచ్చింది. పిట్ట తూలిందంటే మనుషులు బయటికి పరుగెత్తాలి. బ్రిటన్ గనులలో 1986 దాకా ఆ పిట్టలు పనిచేశాయంటే ఆ వాయువు ఎంత మాయదారిదో ఊహించండి.

మా నాయిన చేరిన మొదటి వారంలోనే ఆయన మేస్త్రీ ఒక మాట చెప్పాడట. “ఒరేయ్, పొయ్యికి భయపడకు, అది కనపడుతది. జాయింటుకు భయపడు, అది కనపడదు.” గొట్టం గొట్టాన్ని కలిసే ప్రతిచోటా ఆస్బెస్టాస్ తాడు చుట్టి, మన్ను మెత్తి, రోజూ చూసుకోవాలని దాని అర్థం. ఆ సంవత్సరమే ఒక వానరాత్రి వేరే బస్సు క్లీనరు ఒకడు తలుపులు, కిటికీ పరదాలు మూసుకుని బస్సులోనే పడుకున్నాడు. వెనుక డ్రమ్ములో నిప్పు పూర్తిగా ఆరలేదు. పొద్దున ఎంత లేపినా లేవలేదు. బయటికి ఈడ్చి గాలికి పడుకోబెడితే మధ్యాహ్నానికి తెలివి వచ్చింది. అదృష్టవంతుడు, బతికాడు. మా నాయిన ఈ కథ మాకు చిన్నప్పుడు వందసార్లు చెప్పి ఉంటాడు. చలికాలంలో కుంపటి గదిలో పెట్టి తలుపు మూయబోతే, కథ మళ్లీ మొదలు.

చక్రాల మీద ఇల్లు

ఇప్పుడు సముద్రం దాటుదాం. మనిషి బండినే ఇల్లు చేసుకోవడం కొత్తగాదు. ఆలంపురం జాతరకు పోయే ఎడ్లబండిలో గూడు, బొంత, వంటసామాను అన్నీ ఉండేవి. మోటారు వచ్చాక అమెరికా వారు దానిని పరిశ్రమగా చేశారు. వాలీ బయమ్ అనే ఆయన 1931లో ఎయిర్‌స్ట్రీమ్ అనే కంపెనీ పెట్టి, కారు వెనుక లాగే అల్యూమినియం ఇళ్లు చేశాడు. ఇంజనూ ఇల్లూ ఒకే బండిగా ఉండే రకాన్ని మిచిగాన్ రాష్ట్రంలో రే ఫ్రాంక్ అనే ఆయన 1950ల చివర తన కుటుంబం కోసం కట్టుకున్నాడు. మోటార్ హోమ్ అనే పేరు ఆయన పెట్టిందే అంటారు. 1966లో అయోవా రాష్ట్రపు విన్నెబాగో కంపెనీ వాటిని కార్ల మాదిరిగా వరుసలో నిలబెట్టి తయారు చేయసాగింది. దాంతో మధ్యతరగతి వారికి కూడా అవి అందాయి. 1973లో జనరల్ మోటార్స్ వారు సొంతంగా ఒక మోటారు ఇల్లు విడుదల చేశారు. అదే ఏడు చమురు సంక్షోభం వచ్చి పరిశ్రమ దెబ్బతిన్నది. 1978లో ఆ బండి తయారీ ఆపేశారు. 1942లో బర్మా, 1973లో అరబ్బు దేశాలు. పెట్రోలు ఆగితే బండి కథ మారుతుంది.

మన తెలుగువారికి మోటారు ఇల్లు అంటే గుర్తుకు వచ్చేది ఒక్కటే, చైతన్య రథం. 1982 మార్చి 29న పార్టీ పెట్టిన శ్రీ ఎన్.టి. రామారావు గారు ఒక పాత షెవర్లే వ్యానును బాగుచేయించి, దానిలోనే తింటూ, పడుకుంటూ రాష్ట్రమంతా తిరిగారు. ఆయన కుమారుడు హరికృష్ణ గారు ఆ బండిని నడిపారు. 1983 జనవరి 9న రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. రాజకీయం నా విషయం కాదు. పాత బండిని మనుషులు నెలల తరబడి ఉండేటట్లు మార్చడంలో ఉన్న మెకానిక్ పని నాకు ముఖ్యం. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెన్షను దయాదాక్షిణ్యం కాదు, హక్కు అని మనకు ధైర్యం వచ్చిన రోజు అది. అందుకే ఆ తేదీని మనం పండుగ చేసుకుంటున్నాము.

చైతన్య రథానికి పొయ్యి అక్కరలేదు. మన ఎండలలో కావలసింది గాలి. కాని మిచిగాన్‌లో జనవరి నెలలో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు చాలా కిందికి పోతుంది. కారు నడిచేటప్పుడు ఇంజను చుట్టూ తిరిగే వేడినీళ్ల నుంచి లోపలికి వెచ్చదనం వస్తుంది. బండి ఆపి పడుకున్నాక ఇంజను ఉండదు. అందుకే మోటారు ఇంటికి వేరుగా ఒక ఫర్నేసు కావాలి.

ఫర్నేసు లోపల రెండు గాలులు

ఇంటి కింద వేడిగాలిని నడిపించే ఉపాయం రెండువేల ఏళ్ల నాటిది. రోమను స్నానశాలలలో నేల కింద ఖాళీ ఉంచి, పక్కన పొయ్యి పెట్టి, ఆ వేడిని నేల కిందుగా, గోడల లోపలి నుంచి పైకి పంపేవారు. మోటారు ఇంటి ఫర్నేసు సూత్రం కూడా అదే, కాకపోతే కొలత చిన్నది.

ఇందులో కాలేది ప్రొపేన్ గ్యాసు. మన ఇంటి సిలిండరులో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. బ్యూటేన్ సుమారు సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరి అవుతుంది. అందుకని చలిదేశాలలో ప్రొపేనే వాడుతారు. గ్యాసు ఒత్తిడి 11 అంగుళాల నీటి ఎత్తుకు సమానం. మన వంటింటి రెగ్యులేటరు ఇచ్చేది కూడా దాదాపు అంతే.

ఫర్నేసులో ముఖ్యమైనది ఒక మూసిన ఇనుప గూడు. మంట ఆ గూడు లోపల మండుతుంది. మంటకు కావలసిన గాలి బయటి నుంచి వస్తుంది, పొగ బయటికే పోతుంది. ఇంట్లోని గాలిని ఒక ఫ్యాను ఆ గూడు బయటి వైపు తగిలేటట్లు తోసి, వేడెక్కాక గొట్టాల ద్వారా గదులకు పంపుతుంది. ఈ రెండు గాలులు ఒకదానినొకటి తాకకుండా పనిచేయాలి. నడుమ ఉన్నది పలుచటి ఇనుప రేకు మాత్రమే. ఆ రేకే మా నాయిన మేస్త్రీ చెప్పిన జాయింటు.

మా అల్లుడి పాత బండి

2017లో నేను, మా ఇంటావిడ మిచిగాన్‌లో ఉన్న బిడ్డ ఇంటికి పోయాము. మా అల్లుడికి పాత యంత్రాలంటే పిచ్చి. 1974 మోడలు మోటారు ఇల్లు ఒకటి చవకగా దొరికితే కొన్నాడు. నవంబరు సెలవులలో అందరం దానిలో ప్రయాణం చేయాలని వారి ఏర్పాటు.

మాటల మధ్యలో మా బిడ్డ అన్నది, “నాయినా, ఏప్రిల్‌ల పోయినప్పుడు రాత్రి బాగా చలి. హీటరు పెట్టుకుని పండుకున్నం. పొద్దున నాకు తలనొప్పి, పిల్లకు వాంతులు. బయట తిన్నది పడలేదేమో.”

నా చేతిలో టీ కప్పు అట్లాగే ఉండిపోయింది.

“ఇద్దరికీ ఒక్కసారేనా? బండి దిగినంక తగ్గిందా?” అని అడిగాను.

“అవును. గంటలో తగ్గిపోయింది.”

నాకు కర్నూలు వానరాత్రి గుర్తుకు వచ్చింది. అల్లుడిని పిలిచి, “ఆ పొయ్యి విప్పి చూడనిదే ఎవరూ అందులో పడుకోవద్దు” అన్నాను. ఆయన నొచ్చుకోలేదు గాని నమ్మలేదు. “మంట మంచిగనే వస్తున్నది మామా” అన్నాడు. “మంట కనపడుతది అల్లుడూ. జాయింటు కనపడదు” అన్నాను.

మర్నాడు గ్యాసు సిలిండరు వాల్వు కట్టేసి, బ్యాటరీ తీగ తీసి, పాత ఫర్నేసును బయటికి లాగాము. ఇనుప గూటిని టార్చిలైటుతో వెతికితే, వంపు దగ్గర వెంట్రుక సందు పగులు. దాని చుట్టూ దీపం మసి లాంటి నల్లటి మరక. పొగ గాలి గది గాలిలో కలిసిన దారి అదే. మా అల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంట్లోకి పోయి పిల్లను ఎత్తుకున్నాడు.

కొత్త పొయ్యి, పాత గొట్టాలు

నలభై మూడేళ్ల కిందటి ఆ ఫర్నేసుకు విడిభాగాలు దొరకలేదు. పగిలిన గూటికి వెల్డింగు పెట్టడం పనికిరాదు, వేడికీ చల్లదనానికీ రేకు సాగి కుంచించుకుంటూ పక్కన మళ్లీ పగులుతుంది. కొత్తది తెప్పించాము. అప్పుడే అసలు కష్టం మొదలైంది. కొత్త ఫర్నేసు పాతదానికన్నా చిన్నది, ఫ్యాను జోరు ఎక్కువ, గాలి బయటికి వచ్చే నోళ్లు వేరే చోట ఉన్నాయి.

పాతదానికి కింద ఒకటే పెద్ద నోరు. దాని నుంచి నేలలో ఒక రేకు కాలువ బండి పొడవునా పోతుంది. కొత్తదానికి పక్కలకు నాలుగు అంగుళాల గుండ్రటి నోళ్లు. ఈ ఫర్నేసుకు కనీసం 36 చదరపు అంగుళాల గాలిదారి ఉండాలని దానితో వచ్చిన పుస్తకంలో రాసి ఉన్నది. పాత కాలువ కొలిస్తే వెడల్పు 8 అంగుళాలు, ఎత్తు రెండున్నర, అంటే 20 చదరపు అంగుళాలు. ఇది చాలదు. దారి చాలకపోతే వేడి లోపలే నిలిచి, లిమిట్ స్విచ్ అనే కాపలాదారు మంటను ఆర్పేస్తుంది. చల్లారాక మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరుతుంది. ఇల్లు వేడెక్కదు, ఫర్నేసు ఆయుష్షు తగ్గుతుంది. కాలువలో నీళ్లు పారకపోతే తూము దగ్గర కట్ట తెగినట్లే.

నాలుగు అంగుళాల గొట్టం ఒకదానికి పన్నెండున్నర చదరపు అంగుళాల దారి ఉంటుంది. పాత కాలువను ఉంచి, రెండు కొత్త గొట్టాలు కలిపితే 45 వస్తుంది. లెక్క సరిపోయింది. పాత కాలువకూ కొత్త ఫర్నేసుకూ నడుమ ఒక రేకు పెట్టె కావాలి, ఒక వైపు గుండ్రటి నోరు, మరో వైపు పలకల నోరు. జూరాల వర్క్‌షాపులో ఇటువంటివి ఎన్నో చేశాను. ముందు అట్టముక్క మీద కొలత గీసి, కత్తిరించి, మడిచి చూసుకున్నాను. తర్వాత జింకు పూత రేకు మీద అదే గీశాను. నిలువు మలుపు లేకుండా ఏటవాలుగా వంచి, అంచులు మడిచి రివెట్లు కొట్టి, సందులకు అల్యూమినియం పట్టీ అంటించాము. అరవై ఆరేళ్ల వయసులో మళ్లీ రేకు కత్తెర పడితే వేళ్లు బొబ్బలెక్కాయి గాని, ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

కొత్త గొట్టాలలో ఒకటి స్నానాల గదికి, రెండోది నేల కింద నీళ్ల ట్యాంకుల గదికి పంపాము. అక్కడికి వేడి అందకపోతే నీళ్లు గడ్డకట్టి పైపులు పగులుతాయి. గాలి పోవడానికి దారి ఉంటే చాలదు, చల్లగాలి తిరిగి ఫర్నేసు దగ్గరకు రావడానికి కూడా దారి ఉండాలి. మా అల్లుడు ఆ జాలీ తలుపుకు అడ్డంగా సూట్‌కేసులు పేర్చి పెట్టుకున్నాడు. అవి తీయించాను.

బయటి గోడకు ఉన్న పాత రంధ్రం పెద్దది. దానికి పట్టీ రేకు వేసి, పొగగొట్టం, గాలిగొట్టం గోడ దాటి పూర్తిగా బయటికి వచ్చేటట్లు బిగించి, చుట్టూ చలికి ఓర్చే మైనం లాంటి సీలు పెట్టాము. గ్యాసు లైను మాత్రం మేము ముట్టుకోలేదు. లైసెన్సు ఉన్న పనివానిని పిలిపించి కలిపించాము. ప్రతి అతుకు మీద సబ్బు నురగ రాసి బుడగలు రావడం లేదని చూపించాకే ఆయనకు కూలి ఇచ్చాము. మనకు తెలిసిన పని మనం చేయాలి, తెలియనిది తెలిసినవానితో చేయించాలి. సర్వీసులో నేర్చుకున్న పాఠం ఇది.

మొదటి మంట

స్విచ్ వేశాము. ఫ్యాను తిరిగింది గాని మంట రాలేదు. ఫ్యాను గాలి తగినంత జోరుగా ఉంటే ఒక చిన్న రెక్క లేచి, అప్పుడే గ్యాసుకు అనుమతి ఇస్తుంది. రెక్క లేవడం లేదు. మీటరు పెట్టి చూస్తే, 12 వోల్టులు రావలసిన చోట పది మాత్రమే వస్తున్నది. పాత తీగ సన్నది, దాని దారిలోనే కరెంటు బలం తగ్గిపోతున్నది. లావు తీగ మార్చాక ఫ్యాను జోరందుకుని, కొన్ని క్షణాలకు టిక్కుమని మంట వెలిగింది. అందరం చప్పట్లు కొట్టాము.

అయిదు నిమిషాలకు ఆరిపోయింది. మళ్లీ వెలిగింది, మళ్లీ ఆరింది. మా అల్లుడి ముఖం వాడిపోయింది. నేను గొట్టాలను ఒక్కొక్కటే చేత్తో తడుముకుంటూ పోయాను. మంచం వెనుక మూల మీద గొట్టం నలిగి సగం మూసుకుని ఉన్నది. దానిని తీసి, మలుపు పెద్దది చేసి మళ్లీ కట్టాము. ఈసారి పొయ్యి ఆగకుండా నడిచింది. అరగంటలో లోపల స్వెట్టరు విప్పవలసి వచ్చింది.

చివరగా పడక దగ్గర కార్బన్ మోనాక్సైడు అలారం బిగించాము. గనిలో పిట్ట చేసిన పని ఇప్పుడు ఈ చిన్న డబ్బా చేస్తుంది. నవంబరులో ప్రయాణం చేశాము. మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదని ఒప్పుకోవాలి. గంటకొకసారి లేచి పిల్ల ఊపిరి విన్నాను. పొద్దున లేచి ఆమె, “తాతా, ఆకలి” అన్నప్పుడు నా గుండె కుదుటపడింది.

మా ఇంటావిడ అడిగింది, “మీ నాయిన ఉంటే ఏమనేవాడు?” అని. బహుశా, “బ్లోయరు ఎవరు తిప్పుతున్నారురా?” అని అడిగేవాడు.

మనకు పనికివచ్చే నాలుగు మాటలు

ఇది అమెరికా ముచ్చట, మనకెందుకు అనుకోవద్దు. ధరూర్‌లోనూ డిసెంబరు, జనవరి నెలలలో చలి పెడుతుంది. సోదర పెన్షనర్లకు, వారి పిల్లలకు నా మనవి ఇది.

మొదటిది, బొగ్గుల కుంపటిని మూసిన గదిలో పెట్టుకుని నిద్రపోవద్దు. పొగ లేదు గదా అనుకోవడమే ప్రమాదం. పొగ లేని ఎర్రటి నిప్పులోంచే ఆ వాయువు వస్తుంది.

రెండవది, గ్యాసు గీజరును మూసి ఉన్న స్నానాల గదిలో బిగించవద్దు. గీజరు బయట ఉండాలి, నీళ్ల గొట్టం మాత్రమే లోపలికి రావాలి.

మూడవది, మూసిన షెడ్డులో కారు ఇంజను నడుస్తుండగా ఏసీ వేసుకుని కూర్చోవద్దు.

నాలుగవది, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు వచ్చి, బయటికి రాగానే తగ్గితే, తిండి మీద అనుమానపడే ముందు పొయ్యి మీద అనుమానపడండి. తలుపులు తీసి అందరూ బయటికి వచ్చి, వైద్యుడికి ఆ మాట స్పష్టంగా చెప్పండి. పిల్లలు విదేశాలలో ఉన్నవారు, ఇంట్లో అలారం ఉన్నదా, అందులో బ్యాటరీ ఉన్నదా అని ఈ రోజే ఫోనులో అడగండి.

బొగ్గు బస్సు పోయింది. దాని డ్రమ్ము పాత ఇనుప సామానుకు పోయి ఉంటుంది. దానిని నడిపిన డ్రైవర్లు, పిడి తిప్పిన క్లీనర్లు ఇప్పుడు లేరు. వారి పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు. కాని వారు నేర్చుకున్న ఒక్క మాట మూడు తరాలు దాటి ఒక పసిపిల్లను కాపాడింది. మన సభ్యులందరి దగ్గరా ఇటువంటి మాటలు ఉన్నాయి. ఎవరు వింటారులే అనుకోకుండా మనుమలకు, మనుమరాళ్లకు చెప్పండి. వీలైతే రాసి ఈ పత్రికకు పంపండి. అవసరం ఎప్పుడు, ఏ దేశంలో వస్తుందో ఎవరికి తెలుసు?